వంత పాడేవాళ్లు

(కర్నూలు జిల్లా కౌతాళంలో ఇచ్చిన స్మారక ఉపన్యాసం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకంగా జరుగుతోందో ఆయన పేరు నేను పలకడం లేదు. బతికున్నన్నాళ్లూ మైకులో తన పేరు వినిపిస్తే లేచి బయటికి నడిచిన మనిషి. ఇంటివాళ్లు కూడా పేరు లేకుండానే కానిమ్మన్నారు. ఈ చుట్టుపక్కల పల్లెల్లో 'గురువు' అంటే చాలు, ఎవరో తెలిసిపోతుంది. పగలు కుట్టుమిషను, రాత్రి హార్మోనియం పెట్టె. చొక్కాకు కొలతలు తీస్తూనే ఆ మనిషి గొంతు ఏ శ్రుతి అందుకుంటుందో చెప్పేసేవాడని అంటారు. కాస్త పెంచి చెప్పే మాటే అది, కానీ ఆయన మీద అలాంటివి చెప్పుకోవాలనిపిస్తుంది.

సంగీతం గొప్పదనం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఆ సంగతి ఒప్పుకోనివాళ్లు ఈ సభలో ఎవరూ ఉండరు కాబట్టి దాన్ని వదిలేసి, గొంతు బాగోనివాళ్ల గురించి మాట్లాడతాను. శ్రుతి అందనివాళ్లు, తాళం తప్పేవాళ్లు, చరణం గుర్తుండనివాళ్లు, పళ్లూడి మాట తేలిపోయే ముసలివాళ్లు, ఇంకా మాటే తిరగని పిల్లలు. ఏ ఊళ్లో లెక్క తీసినా వీళ్లే ఎక్కువ. వీళ్లందరినీ కూర్చోబెట్టుకుని పాట నడిపే పద్ధతి ఒకటి మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. దాన్ని భక్తి ఖాతాలో రాసుకున్నాం గానీ సంగీతం ఖాతాలో రాసుకోలేదు.

శనివారం రాత్రి భజన ఎలా నడుస్తుందో మీకు చెప్పనక్కర్లేదు. అయినా ఒక్కసారి కొత్తవాళ్లలాగా చూద్దాం. పెట్టె ముందున్నాయన చరణం ఎత్తుకుంటాడు. మిగిలినవాళ్లు అదే చరణం తిరిగి అంటారు. పుస్తకంతో పని లేదు, విన్నది వెంటనే అంటే చాలు. మొదటి చుట్టు నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా వినిపిస్తుంది. రెండో చుట్టుకు తాళాలు అందుకుంటాయి. మూడో చుట్టుకు డోలక్ నడక మారుతుంది. ఆ తర్వాత వేగం రెట్టింపవుతుంది, మాటలన్నీ రాలిపోయి ఒక పేరే మిగులుతుంది, రామ అనో పాండురంగ అనో. చివర గోవింద కొట్టి ఒక్కసారిగా ఆపేస్తారు. ఈ నడకలో ఎవరు ఎక్కడైనా కలవొచ్చు. చరణం రానివాడు పల్లవికి, పల్లవి పట్టుబడనివాడు ఆ చివరి పేరుకు, గొంతే లేవనివాడు తాళానికి. ఆలస్యంగా వచ్చినవాడు గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూనే వంత అందుకుంటాడు.

గురువు ఎవరినీ 'నీకు గొంతు లేదు' అనగా ఎవరూ వినలేదు. గొంతు మొండికేసినవాడి చేతికి చిడతలు ఇచ్చేవాడు. చిడతలు కూడా కుదరనివాడికి గజ్జెలు. గజ్జెలు ఒకటి అటూ ఒకటి ఇటూ మోగినా పాట చెడిపోదు. అదీ చేతకానివాడికి కర్పూరం, గంధం అప్పగించేవాడు, కానీ వరసలోనే కూర్చోబెట్టేవాడు. చాలామంది కొన్నాళ్లకు ఒకదాని నుంచి ఇంకోదానికి వచ్చారు. రానివాళ్లు గజ్జెల దగ్గరే ముసలివాళ్లయ్యారు, వాళ్లనీ ఎవరూ కదిలించలేదు. సంగీతం బళ్లో ఇది సాగదు. మాయామాళవగౌళలో సరళీ వరసలు దాటనివాడికి అక్కడ ముందుకు దారి ఉండదు. దాన్ని తప్పుపట్టడం లేదు. కచేరీకి మనిషిని తయారుచేయాలంటే అలాగే చేయాలి. ఊరంతటినీ కూర్చోబెట్టాలంటే మాత్రం ఇంకో రకం కట్టడి కావాలి.

ఈ రెండూ ఒకే మనిషికి తెలిసి ఉండటం త్యాగరాజులో చూస్తాం. పంచరత్నాలు కట్టిన మనిషే దివ్యనామ కీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు కూడా కట్టారు. పంచరత్నాలకు ఏళ్ల సాధన కావాలి. దివ్యనామాల్లో చాలావాటికి చరణాలన్నిటికీ ఒకటే వరస, ఒక్క చరణం నోటికి వస్తే మిగిలినవన్నీ వచ్చినట్టే. అంత పెద్ద విద్వాంసుడు కావాలనే వాటిని తేలిగ్గా కట్టారు, గుంపు పాడుకోవాలని. 1847లో ఆయన పోయాక కచేరీ వేదిక పెద్ద కృతులను తలకెత్తుకుంది. తేలికవి భజన గోష్ఠుల్లో, పూజ గదుల్లో, పెళ్లి పందిళ్లలో బతికాయి. వాటిని బతికించిన ఆడవాళ్ల పేర్లు సంగీత చరిత్రల్లో దాదాపు కనిపించవు.

పెట్టె కథ ఇంకా ముచ్చటగా ఉంటుంది. హార్మోనియం పుట్టింది ఫ్రాన్సులో, 1842లో దెబెయిన్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. కాళ్లతో తొక్కే ఆ పెట్టెను, నేల మీద కూర్చుని ఒక చేత్తో గాలి కొడుతూ ఇంకో చేత్తో వాయించేలా కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ మార్చాడు. 1940లో ఆకాశవాణి దాన్ని వెలివేసింది. గమకం పలకదని, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారదని విద్వాంసుల ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో అబద్ధం లేదు. 1971 దాకా ఆ కట్టుబాటు నడిచింది. ఆ ముప్పై ఏళ్లూ భజన గుడి తలుపు తీస్తే కనిపించింది ఆ వెలివేసిన పెట్టే. రేడియో దాన్ని ఏ కారణానికి వద్దనుకుందో, భజన గుడి దాన్ని అదే కారణానికి కావాలనుకుంది. మీట నొక్కితే స్వరం కదలకుండా నిలబడుతుంది. ఇరవై ముప్పై మంది సాధన లేని గొంతులతో దానికి ఆనుకోవచ్చు.

మన ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1 దాకా బళ్లారి జిల్లాలోది. ఆంధ్ర రాష్ట్రం వచ్చినరోజు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు కలిశాయి. జిల్లా మారింది గానీ, పాటల మూట మాత్రం ఎప్పట్లా కలగలుపుగానే ఉండిపోయింది. హరిదాసుల్లో పెద్దవాడైన విజయదాసులు 1755లో కన్నుమూసింది మన చిప్పగిరిలో. ఆయన కన్నడంలో కట్టిన దేవరనామాలు, సుళాదులు మంత్రాలయం దారిలో పాడుతూ పోయే ఆడవాళ్లలో చాలామందికి ఇంట్లో మాట తెలుగు. శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న దగ్గరికి రండి, ఒక ట్రాక్టరులో తెలుగు భజన, దాని వెనక ట్రాక్టరులో కన్నడం. ఇక్కడే కౌతాళంలో ఖాదర్ లింగ స్వామి ఉరుసుకు హిందువులు, ముస్లింలు ఒకే వాకిట్లో నిలబడతారు. మొహర్రం నెలలో పీర్ల చావిడి ముందు గుండం చుట్టూ పదం పాడుతూ అడుగేసేవాళ్లలో ఎవరు ఏ మతమో బయటివాళ్లకు పోల్చుకోవడం కష్టం. రాయలసీమ పీర్ల పండుగ మీద, ముఖ్యంగా అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయిస్వామి మీద, అఫ్సర్ మహమ్మద్ ఇంగ్లీషులో ఒక మంచి పుస్తకం రాశారు, 2013లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేశారు. మన పక్కింటి సంగతి అంత దూరాన అచ్చయింది. మన బడి పిల్లల పాఠంలోకి ఇంకా రాలేదు.

మల్లన్న భక్తులైన గొరవయ్యల మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. నల్ల కంబళి, ఎలుగుబంటి వెంట్రుకల టోపీ, ఒక చేత డమరుకం, ఒక చేత పిల్లనగ్రోవి. దసరా రాత్రి దేవరగట్టులో కర్రల సమరం జరిగితే టీవీలన్నీ వస్తాయి, పగిలిన తలలు చూపిస్తాయి. ఆ కొండ మీదే డమరుకాలు మోగుతుంటాయి. వాటి వైపు కెమెరా తిప్పినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

ఇప్పుడు నన్ను చాలాకాలంగా పట్టి ఉంచిన సంగతికి వస్తాను. సుగ్గి, అంటే కూలి పనికి వలస.

దసరా దాటేసరికి ఊరు కదులుతుంది. పత్తి తీతకు తెలంగాణ వైపు, ఆ తర్వాత మిరప కోతకు గుంటూరు వైపు. కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం, కౌతాళం, ఏ మండలంలో చూసినా వీధికి వీధి ఖాళీ అవుతుంది. వాన నమ్ముకోలేం, నేల చాలదు, అప్పు ఆగదు. గిన్నెలు, టార్పాలిన్లు కట్టుకుని లారీలు, ఆటోలు ఎక్కుతారు. ఉగాదికి తిరిగి వస్తారు. కొందరు పిల్లల్ని వెంట తీసుకుపోతారు, కొందరు అవ్వాతాతల దగ్గర వదిలిపోతారు. వదిలిన పిల్లల కోసం సర్కారు సీజనల్ హాస్టళ్లు నడుపుతుంది.

భజనకు ముఖ్యమైన నెల ధనుర్మాసం సరిగ్గా ఈ మధ్యలోనే పడుతుంది. డిసెంబరు నడిమి నుంచి సంక్రాంతి దాకా. తెల్లవారుజామున, చలిలో, లాంతరు పట్టుకుని వీధులు తిరగాల్సిన నెల. ఊళ్లో పాతికేళ్ల నుంచి యాభై ఏళ్ల దాకా ఉన్న గొంతులు సగానికి సగం బయటి పత్తి చేలలో, మిరప చేలలో ఉంటాయి. సంకీర్తనకు ఎక్కువగా మిగిలేది డెబ్బై దాటినవాళ్లూ, పదేళ్లు నిండనివాళ్లూ.

బయటివాళ్లకు ఇది దిగులు పుట్టించే దృశ్యంగానే కనిపిస్తుంది, అందులో దిగులు లేదని నేనూ అనను. గురువు దాన్ని ఎట్లా నడిపాడో మాత్రం చూడాలి. మగవాళ్లు నిండుగా ఉన్నప్పుడు భజన ఒకటి శ్రుతిలో నడుస్తుంది. పిల్లల గొంతు అంత కిందికి దిగదు. పిల్లలకు అనుకూలమని ఐదు శ్రుతికి పెడితే ముసలివాళ్లు అందుకోలేరు. ఈ నెలల్లో ఆయన పాటను రెండుగా పంచేవాడు. చరణం తాతలకు, వాళ్లకు తగిన శ్రుతిలో నెమ్మదిగా, దాదాపు మాట చెప్పినట్టు. పల్లవి పిల్లలకు, పై స్థాయిలో, వాళ్ల వేగంలో. తాతలకు చరణాలన్నీ గుర్తున్నాయి, ఊపిరే లేదు. పిల్లల ఊపిరికి కొదవ లేదు, వాళ్లకు చరణం ఒక్కటీ రాదు. నాలుగు వారాలు అలా తిరిగేసరికి పిల్లలకు చరణాలు కూడా వచ్చేసేవి, ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే.

దీనివల్ల ఒక విచిత్రం జరిగింది. అమ్మానాయన నుంచి రావాల్సిన పాట అవ్వాతాతల నుంచి నేరుగా వచ్చింది, నడిమి తరాన్ని దాటుకుని. మన పల్లెల్లో పన్నెండేళ్ల పిల్ల పాడే తత్వం వాళ్ల అమ్మకు రాదు. వీరబ్రహ్మంగారి తత్వాల్లో, విసురురాయి పాటల్లో ఉన్న పాత మాటలు ఆ పిల్ల నోట తప్పు లేకుండా వస్తాయి. వలస ఎన్నిటినో చెరిపేసింది. పాట విషయంలో మాత్రం, ఎవరూ అనుకోకుండా, పాతదాన్ని ఇంకో ముప్పై ఏళ్లు ముందుకు తోసింది. ఇది సుగ్గిని మెచ్చుకోవడం అనుకోకండి. నీళ్లుంటే, పనుంటే ఏ తల్లీ పిల్లను వదిలి పోదు. ఉన్న కష్టంలో పాట ఎక్కడ నిలదొక్కుకుందో చెబుతున్నాను, అంతే.

ఆ ముసలివాళ్లకు దానివల్ల ఒరిగిందేమిటి? కొడుకూ కోడలూ లేని ఇంట్లో, తెల్లవారుజామున లేవడానికి ఒక కారణం దొరికింది. రాకపోతే 'అవ్వ ఏదీ?' అని అడిగేవాళ్లు ఉన్నారు. ఇదేదో మనకు తోచే మాట మాత్రమే అనుకోకుండా, కొన్ని దేశాల్లో కొలిచి కూడా చూశారు. ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో అరవై దాటిన 258 మందిని తీసుకుని, చీటీ వేసినట్టు రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని వారానికోసారి 14 వారాలు కలిసి పాడించారు. రెండో భాగం మామూలుగానే ఉంది. పాడినవాళ్లలో ఆందోళన, దిగులు తగ్గాయి. పాడటం ఆపేసిన మూడు నెలలకు కూడా వాళ్ల మనసు తీరు మిగిలినవాళ్లకంటే మెరుగ్గా ఉంది. 2015లో మానసిక వైద్యుల పత్రికలో ఇది అచ్చయింది. పాడించింది మహా గాయకుల్ని కాదని, దారిన పోయే ముసలివాళ్లనని గమనించండి.

అదే ఏడాది ఆక్స్‌ఫర్డ్ నుంచి ఇంకొక పరిశీలన వచ్చింది. రాబిన్ డన్‌బార్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు కొత్తగా పెట్టిన పెద్దవాళ్ల తరగతుల్ని ఏడు నెలలు గమనించారు. కొన్ని పాట తరగతులు, కొన్ని చేతిపనులవి, కొన్ని రచనవి. పాటవాళ్లు మొదటి నెలలోనే ఒకరికొకరు దగ్గరయ్యారు. ఏడు నెలలు గడిచేసరికి మిగిలిన తరగతులవాళ్లు కూడా అంతే దగ్గరయ్యారు. ఈ రెండో సగాన్ని పాట మీద ప్రేమ ఉన్నవాళ్లు చెప్పకుండా దాటేస్తుంటారు. పాట ఒక్కటే మనుషుల్ని కలుపుతుందని అది తేల్చలేదు, త్వరగా కలుపుతుందని తేల్చింది. మనకు కావాల్సింది కూడా ఆ త్వరే. సీజనల్ హాస్టలుకు నవంబరులో ఒకరినొకరు ఎరగని పిల్లలు వస్తారు, రాత్రిపూట అమ్మ కోసం ఏడుస్తారు. వాళ్లు స్నేహితులు కావడానికి ఏడు నెలల వ్యవధి లేదు, అప్పటికి హాస్టలే మూతపడుతుంది.

ఎందుకిలా అవుతుందని అడిగితే ఊపిరి అని ఒక జవాబు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 2013లో బడి పిల్లల చేత కలిసి పాడించి వాళ్ల గుండె వేగం కొలిచారు. పాట ఊపిరి ఎక్కడ తీయాలో ఎక్కడ వదలాలో నిర్ణయిస్తుంది. అందరూ ఒకేసారి పీల్చి ఒకేసారి వదిలేసరికి గుండె వేగం కూడా అందరిదీ కలిసి పెరిగి కలిసి తగ్గింది. గురువుకు ఈ కాగితం అందలేదు గానీ, 'ఊపిరి కలిస్తే శ్రుతి దానంతటదే కలుస్తుంది' అని ఆయన కొత్తవాళ్లకు చెప్పే మొదటి మాట. అయితే కలిసి పీల్చే గాలికి ఇంకో ముఖం ఉంది. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో స్కాజిట్ అనే చోట 61 మంది గుంపుగా పాట సాధన చేశారు. అందులో 53 మందికి కోవిడ్ వచ్చిందని లెక్కతేలింది, ఇద్దరు చనిపోయారు. ఆ రోజుల్లో మన భజన గుళ్లు కూడా మూసుకున్నాయి, మూయడమే సరైన పని. ముసలివాళ్లూ పిల్లలూ పక్కపక్కన కూర్చునే చోట కిటికీలు తెరిచి పెట్టండి, దగ్గు ఉన్నవాళ్లు ఆ వారం బయట అరుగు మీద నుంచి పాడండి. ఇది ఉపన్యాసంలో చెప్పే మాట కాకపోయినా చెప్పక తప్పదు.

ఇంతవరకు విని, మన భజన గుడి అందరిదీ అనుకుంటే మాత్రం నేను అబద్ధం చెప్పినట్టవుతుంది. చాలా పల్లెల్లో ఒక్కో వాడకు ఒక్కో భజన బృందం ఎందుకు ఉంది? పాట మీద ఇష్టం ఎక్కువై కాదు, ఒక వాడ వాళ్లు ఇంకో వాడ గుడిలో కూర్చోలేక. తప్పెట మోగందే జాతర కదలదు, అమ్మవారు ఊరేగదు. ఆ తప్పెట కొట్టినవాణ్ణి ఊరేగింపు ముందు నడిపించి, గుడి ముంగిట ఆపేశారు. వంత పాడటానికి గొంతుతో పని లేదన్నవాళ్లు కులంతో పని ఉందన్నారు. గురువు ఈ విషయంలో ఊరితో గొడవ పడిన మనిషి కాదు, అది ఆయన తీరు కాదు. అఖండ భజన పెట్టినప్పుడు మాత్రం జాములు పంచే చీటీ తన చేతిలోనే పెట్టుకునేవాడు. ఇరవై నాలుగు గంటలు పాట ఆగకూడదు, ఒక బృందం లేచేలోపు ఇంకో బృందం అందుకోవాలి. అర్ధరాత్రి రెండు నుంచి ఐదు దాకా కూర్చునే ఓపిక అందరికీ ఉండదు. ఆ జాము ఆయన ఏ వాడకు ఇచ్చేవాడో, గుడి లోపల కూర్చోబెట్టి ఎట్లా ఇచ్చేవాడో, ఇక్కడున్న పెద్దలకు గుర్తుండే ఉంటుంది. పాట ఆగితే అపచారం అన్న భయం ముందు మిగిలిన పట్టింపులు ఆ మూడు గంటలు మెత్తబడేవి. ఆ మూడు గంటల్నే గొప్ప మార్పుగా చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. తెల్లవారాక ఏం జరిగేదో కూడా మీకు గుర్తుంది.

ఆడవాళ్ల సంగతి ఇటీవలే మారింది. మా చిన్నప్పుడు భజన గుడిలో వాళ్లు గోడవారన కూర్చుని వినేవాళ్లు. వాళ్ల పాట వేరే చోట ఉండేది, నాట్లలో, విసురురాయి దగ్గర, జోకుమారస్వామిని బుట్టలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేటప్పుడు. ఇప్పుడు ప్రతి పెద్ద పల్లెలో మహిళా భజన మండలి ఉంది, కోలాటం బృందం ఉంది, ఒకే రంగు చీరలున్నాయి. తిరుమల తిరుపతి దేవస్థానం దాస సాహిత్య ప్రాజెక్టు నడిపే మెట్లోత్సవానికి వేర్వేరు రాష్ట్రాల నుంచి భజన మండళ్లు వచ్చి పాడుతూ కొండెక్కుతాయి. మన ఆడవాళ్లు అక్కడికి పోయివచ్చి రైలు పెట్టెలోనే కొత్త పాటలు నేర్చుకుంటారు. పత్తి చేను తప్ప ఊరు దాటని మనిషికి పాట ఒక ప్రయాణం సంపాదించి పెట్టింది. గురువు చివరి పదేళ్లూ ఎక్కువగా నేర్పింది వీళ్లకే. మగవాళ్లు సెల్‌ఫోన్ చూసుకుంటున్నారని విసుక్కునేవాడు.

ఇక పాటను ఏం మింగుతోంది? నేను వరసగా డీజే మీద, సినిమా మీద, సెల్ మీద పడతానని అనుకుంటున్నారు. డీజే సంగతి చట్టం చూసుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకరు మోగించకూడదు. అది అమలయితే చాలు. భజనను భజన లోపలి నుంచే తినేస్తున్నవి రెండు ఉన్నాయి.

ఒకటి మైకు. పెట్టె ముందు మైకు పెట్టారు, ఎత్తుకునే ఆయన గొంతు గుడి మీది గొట్టంలోంచి ఊరంతా వినపడుతుంది. వంత పాడే ముప్పై మంది గొంతు పక్కవాడికే వినపడదు. తన గొంతు తనకు వినపడని మనిషి కొన్నాళ్లు పెదవులు కదుపుతాడు, తర్వాత అదీ మానేస్తాడు, ఆ తర్వాత రావడం మానేస్తాడు. పాడే గుడి వినే గుడి అయిపోతుంది. పైగా ఆ గొట్టం కింద పరీక్షకు చదువుకునే పిల్లాడు మనల్ని తిట్టుకుంటాడు, న్యాయంగానే.

రెండోది పోటీ. జాతర్లలో చెక్కభజన పోటీలు, కోలాటం పోటీలు, వేలల్లో బహుమతులు. ఉద్దేశం మంచిదే. కానీ బహుమతి అనగానే బృందం నాయకుడు ఏం చేస్తాడు? మోకాళ్లు నొప్పులున్న ముసలాయన్ని, అడుగు తప్పే ఏడేళ్ల పిల్లాణ్ణి పక్కన పెడతాడు. జడకోలాటం చూసినవాళ్లకు తెలుసు, పైన కట్టిన తాళ్లు ఒక్కొక్కరూ ఒకటి పట్టుకుని లోపలికొకరు బయటికొకరు తిరిగితే జడ అల్లుకుంటుంది. వెనక్కి తిరిగితే విడిపోతుంది. ఒక్కరు తప్పుగా తిరిగితే ముడి పడుతుంది. మామూలు రాత్రి అయితే ముడి పడ్డప్పుడు అందరూ నవ్వుతారు, గురువు వచ్చి ఆ పిల్లాడి భుజం పట్టి రెండడుగులు వెనక్కి నడిపిస్తాడు, జడ మళ్లీ సాగుతుంది. పోటీలో ముడి అంటే బహుమతి పోయినట్టే. నేర్చుకునే చోటే తప్పుకు చోటు లేకుండా పోయింది. థామస్ టురినో అనే అమెరికన్ పండితుడు 2008లో రాసిన పుస్తకంలో చేసే సంగీతాన్ని, చూపే సంగీతాన్ని వేరుచేసి చూపించాడు. మొదటి దాంట్లో ఎంతమంది కలిశారన్నది లెక్క, రెండో దాంట్లో ఎంత బాగా చేశారన్నది లెక్క. రెండో కొలబద్దతో మొదటిదాన్ని కొలవబోతున్నాం మనం.

పెద్ద గుంపు కూడితేనే గొప్ప అన్నది ఇంకో భ్రమ. 2009 మే నెలలో సికింద్రాబాద్ పరేడ్ మైదానంలో సిలికానాంధ్ర వాళ్లు అన్నమయ్య లక్షగళార్చన చేశారు. లక్షన్నరకు పైగా జనం కలిసి కీర్తనలు పాడారు, గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లు పూనుకుని చేసిన పని, దాని కోసం నెలల తరబడి ఊరూరా పాటలు నేర్పారు. ఆ నేర్పడమే అందులో నాకు నచ్చిన భాగం. ఆ రోజు మైదానంలో మోగింది రికార్డుకు పనికొచ్చింది. ఆ తర్వాతి శనివారం ఎవరు ఎక్కడ కూర్చుని పాడారన్నది ఏ పుస్తకమూ రాసుకోదు, నేను లెక్కపెట్టాలనుకునేది దాన్ని.

పెద్దవాళ్లు ఒక మాట అడుగుతుంటారు, భజన దేవుడిది కదా, దేవుణ్ణి నమ్మని పిల్లలు ఏం చేయాలి అని. న్యాయమైన ప్రశ్న. సర్కారు బడిలో, హాస్టలులో ఒక మతం పాట మాత్రమే పాడించడం సరి కాదు. మన దగ్గర తత్వాలున్నాయి, మొహర్రం పదాలున్నాయి, నాట్ల పాటలున్నాయి, పొలాల్లో పుట్టిన హాస్యపు పాటలు కొన్ని ఈ సభలో పాడలేనివి కూడా ఉన్నాయి. ఎత్తుకోవడం, వంత పాడటం అన్న పద్ధతికి ఏ పాటైనా ఒదుగుతుంది. మన చుట్టుపక్కల హైస్కూళ్లలో సంగీతం పంతులు ఉన్నది ఎక్కడైనా ఎవరికైనా గుర్తుందా? లేనప్పుడు ఊళ్లో వంత పాడే పదిమంది ముసలివాళ్లే ఆ పంతుళ్లు. వాళ్లకు జీతం అడగడం లేదు, వారానికి ఒక గంట బడి గేటు తీయమని అడుగుతున్నాను.

ఈ స్మారక నిధికి వచ్చే వడ్డీ పెద్ద మొత్తం కాదని నిర్వాహకులు నాతో అన్నారు. ఏటా నాలాంటి ఒకణ్ణి పిలిచి శాలువా కప్పి మాట్లాడించడానికి సరిపోతుంది. ఆ శాలువా ఖర్చు వచ్చే ఏడు నుంచి ఆపమని వాళ్లను వేదిక ఎక్కేముందే అడిగాను, ఒప్పుకున్నారు. ఆ డబ్బుతో సీజనల్ హాస్టలుకు ఇత్తడి తాళాలు ఎన్ని జతలు వస్తే అన్ని, చిడతలు, ఒక డోలక్ కొంటారు. హాస్టలు తెరిచిన మొదటి వారమే ఇవ్వాలి, సంక్రాంతి దాటాక ఇస్తే పిల్లల సగం కాలం అయిపోతుంది. నేర్పడానికి శనివారం సాయంత్రాలు వస్తామని మహిళా భజన మండలి వాళ్లు ఇక్కడే చెప్పారు. పీర్ల చావిడి దగ్గర పదాలు పాడే పెద్దాయన కూడా వస్తానన్నారు. ఆయనకు కళ్లు సరిగా కనపడవు, తీసుకువచ్చే మనిషిని చూడాలి.

భజన గుడిలో మైకు పూర్తిగా తీసేయమంటే ఒప్పుకోరని తెలుసు. ఎత్తుకునేటప్పుడు ఉంచుకుని, వంత వచ్చేసరికి బటను ఆపండి. గురువు పెట్టె ఇప్పుడు ఆయన కుట్టుమిషను పక్కనే ఉంది, దాంట్లో రెండు రీడ్లు పలకడం లేదు, తోలు కూడా చినిగి గాలి నిలవడం లేదు. ఆయన కొడుకు దాన్ని భజన గుడికి ఇస్తానంటున్నారు. ఆదోనిలో బాగుచేసే చోటికి ఈ వారంలో ఎవరైనా బస్సులో పోతుంటే నిర్వాహకులతో చెప్పండి, బరువు ఉంటుంది, ఇద్దరు కావాలి.